ఇంప్లాంట్ పన్ను: ఆపరేషన్‌కు ముందు, తర్వాత

పన్ను పోయినవారికి కట్టుడు పళ్ళ సెట్టు, బ్రిడ్జి అనే రెండు మార్గాలు మన పెద్దలకు తెలిసినవే. ఇప్పుడు నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుండి వచ్చేవారు "స్క్రూ పన్ను పెట్టించుకోవచ్చా? నొప్పి పుడుతుందా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. వారి కోసం ఈ వివరాలు.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

పోయిన పన్ను వేరుకు బదులుగా దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూనే ఇంప్లాంట్ అంటారు. ఎముక దానికి గట్టిగా అతుక్కున్నాక పైన క్యాప్ అమరుస్తారు. స్వీడన్ వైద్యుడు బ్రానెమార్క్ 1965లో మొదటిసారి ఒక రోగికి వీటిని అమర్చారు. ఆ రోగి 2006లో మరణించే వరకు అవి పనిచేశాయి.

తొందరపడి పన్ను తీయించుకోవద్దు

పల్నాడులోని కొన్ని మెట్ట గ్రామాల్లో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నతనంలో ఆ నీరు తాగినవారి పళ్ళపై పసుపు, గోధుమ రంగు మచ్చలు ఉంటాయి. మచ్చ ఉన్నంత మాత్రాన పన్ను పాడైనట్టు కాదు. దానికి వేరే చికిత్సలున్నాయి. గట్టిగా ఉన్న సొంత పన్నుకు ఏ ఇంప్లాంటూ సాటి రాదు.

ఆపరేషన్‌కు ముందు

ఎముక ఎంత ఉందో ఎక్స్‌రే, స్కానింగ్ ద్వారా చూస్తారు. చిగుళ్ళ జబ్బు ఉంటే ముందు దానిని నయం చేయాలి. షుగర్ అదుపులో లేకపోతే పుండు మానదు, స్క్రూ అతుక్కోదు. కాబట్టి మూడు నెలల సగటు చూపే రక్తపరీక్ష చేయించుకోండి. మీరు వాడే మందులన్నీ చూపించండి. ముఖ్యంగా రక్తం పలుచబడే మాత్రలు, ఎముకల బలానికి వేసే ఇంజెక్షన్ల సంగతి దాచవద్దు. ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు. చుట్ట, బీడీ, ఖైనీ మానుకోండి. పొగాకు వాడేవారిలో ఇంప్లాంట్లు ఎక్కువగా విఫలమవుతాయి. మొత్తం ఖర్చు, అంటే స్కానింగ్, స్క్రూ, క్యాప్ అన్నీ కలిపి, ముందే కాగితం మీద రాయించుకోండి.

మిరప కోతలు, పత్తి తీతలు జోరుగా ఉన్న రోజుల్లో ఆపరేషన్ పెట్టుకోకండి. రెండు మూడు రోజులు బరువు పనులు, ఎండ పనులు చేయకూడదు.

ఆ రోజు

చిగురుకు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. నొప్పి తెలియదు, ఒత్తిడి, అదురు మాత్రం తెలుస్తాయి. డాక్టరుగారు పరగడుపున రమ్మని చెప్పకపోతే టిఫిన్ తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని, ఒకరిని తోడు తీసుకుని రండి.

ఆపరేషన్ తర్వాత

గాజుగుడ్డను అరగంట పైగా కరిచి పట్టుకోండి. మొదటి రోజు పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు, స్ట్రాతో తాగవద్దు. బుగ్గపై బయట నుండి ఐసు కాపడం పెట్టండి. వాపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాత తగ్గుతుంది, భయపడకండి. రెండో రోజు నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించండి. చల్లారిన జావ, పెరుగన్నం, మెత్తని పప్పన్నం తినండి. పచ్చిమిర్చి పచ్చళ్ళు, ఆవకాయ, వేడి టీ కొన్నాళ్ళు పక్కన పెట్టండి. కుట్లు వారం, పది రోజుల్లో తీస్తారు.

గట్టిగా అదిమినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మూడు రోజులు దాటాక నొప్పి, వాపు పెరిగినా, మరునాటికీ పెదవి తిమ్మిరి తగ్గకపోయినా, స్క్రూ కదిలినా వెంటనే రండి.

ఎముక అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. నొప్పి లేదు కదా అని పనుల్లో పడి రాకుండా ఉండిపోకండి. క్యాప్ వేశాక కూడా రోజుకు రెండుసార్లు బ్రష్ చేసుకోవాలి, ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు గాని, చుట్టూ ఉన్న చిగురు, ఎముక చెడిపోతే అది కూడా ఊడిపోతుంది.