కదలెడు బొమ్మ

హిందూపురము చెంతనున్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున పదునాఱవ శతాబ్దపు వర్ణచిత్రములు కలవు. అవి కదలవు. పెనుకొండ మీదుగా ఉత్తరమునకు సాగి ధర్మవరము చేరినచో, ఆ మండలములోని నిమ్మలకుంటలో బొమ్మ కదలును.

అచ్చటి తోలుబొమ్మలాట కుటుంబమే యొక చిత్రనిర్మాణశాల. మేకతోలును వేడినీటితో శుభ్రపఱచి, రోమములు గీకి, వెలుతురు చొచ్చునట్లు పలుచన చేసి యారబెట్టుదురు. రూపము గీసి, ఉలితో రంధ్రములు తొలిచి, ఇరువైపుల రంగులు పూయుదురు. భుజము, మోచేయి వేఱుగా కత్తిరించి దారముతో కీలు కట్టుదురు. పిమ్మట తెల్లని తెర, వెనుక దీపము, పాట, మద్దెల. ఒక్క గొంతే రామునికిని కేతిగానికిని మాటలు పలుకగలదు.

నేటి యానిమేషన్ చిత్రమున సాధారణముగ సెకనుకు 24 పటములు పరుగిడును. జర్మనీ కళాకారిణి లోటె రైనిగర్ కీళ్లు కట్టిన నల్లని నీడబొమ్మలను ఇంచుకించుక కదపుచు, ఒక్కొక్క పటమే తీసి, 1926లో పూర్తి నిడివి చిత్రమును వెలువరించెను. ఆమె పటమునకు పటమునకు నడుమ చేసిన పనిని నిమ్మలకుంట కళాకారుడు ప్రేక్షకుల యెదుటనే చేయును.

ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. అయినను ఆట పిలుపులు తగ్గి, లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు జీవనాధారములైనవి. అన్నము పెట్టు పనిని నిందింపరాదు. కాని లాంప్‌షేడు మీది హనుమంతునకు కీలక్కఱలేదు. గీయు చేయి నిలిచి, ఆడించు చేయి మఱచినచో ఈ విద్య సగమే మిగులును.

పాఠశాలలో నొక తెల్లని పంచె కట్టి ఆ కళాకారులను పిలువవచ్చును. ఆట ముగిసిన పిదప విద్యార్థులను తెర వెనుకకు పంపి, ఆ పుల్లలను వారి చేతికీయవలెను.