బీఆర్టీఎస్ రోడ్డు ఉంది, బీఆర్టీఎస్ ఏది?

“విశాఖలో వేసి చూశారు, విజయవాడలో వేసి చూశారు, మనకు పనికిరాలేదు.” బస్సులకు విడిగా ఒక లేన్ కావాలని ఎవరు అడిగినా మొదట వచ్చే జవాబు ఇదే. బస్సెక్కి ఏళ్ళయినవాళ్ళు అంటారు, రోజూ బస్సులో నలిగేవాళ్ళూ అంటారు. ఇందులో ‘వేశారు’ అన్నంతవరకు నిజం. వేసింది రోడ్డు. బీఆర్టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) అనదగ్గ బస్సుల వ్యవస్థను ఆ రెండు ఊళ్ళలోనూ నిలదొక్కుకునేదాకా నడిపి చూసినవాళ్ళు లేరు. పొయ్యి కట్టించి, వంట చేయకుండానే రుచి లేదని తేల్చేసినట్టుంది ఈ తీర్పు.

ఇది ఊరికే గాలికి పోయే మాట అయితే ఇంత రాయనక్కర్లేదు. విశాఖలో పెందుర్తి దారిలో బస్సుల కోసమని మధ్యలో వదిలిన లేన్‌లలోకి ఇవాళ అన్ని బళ్ళూ వస్తున్నాయంటే, ఎవరికీ తప్పనిపించడం లేదంటే, కారణం ఈ మాటే. “ఎలాగూ ఫెయిలైంది కదా” అనుకున్నాక లేన్‌ను కాపాడమని అడిగేవాడు ఉండడు. కొత్తగా ఏ శివారుకు ప్రతిపాదన వచ్చినా లెక్కలు విప్పకముందే మూసేయడానికీ ఇదే పనికొస్తోంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్ డబ్బులు మిగిలాయి. ట్రాఫిక్‌లో పోయే గంట మాత్రం మిగల్లేదు. ఇంతమంది బస్సును నమ్ముకున్న సమయంలో, ఆ బస్సుకు దారివ్వడమనే ఆలోచననే పాడు చేయడం అన్యాయం.

అసలేం జరిగిందంటే, 2005 డిసెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద పుణె, అహ్మదాబాద్, ఇందౌర్, భోపాల్, సూరత్, రాజ్‌కోట్ వంటి నగరాలతో పాటు విశాఖకూ విజయవాడకూ బీఆర్టీఎస్ మంజూరైంది. విశాఖలో రెండు కారిడార్లు. ఒకటి పెందుర్తి, వేపగుంట, గోపాలపట్నం, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, కంచరపాలెం మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌ వైపు. రెండోది సింహాచలం, అడవివరం, హనుమంతవాక, మద్దిలపాలెం మీదుగా. రెండూ కలిపి సుమారు 40 కిలోమీటర్లు. ఊరి చివర ఇల్లు కట్టుకుని రోజూ నగరంలోకి వచ్చిపోయేవాళ్ళ కోసం గీసిన మంచి గీత అది. విజయవాడలోనైతే సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన జాగాలో రోడ్డు పడింది. నగరం నడిబొడ్డున అంత తిన్నని, ఖాళీ జాగా దొరకడం ఏ ఊరికైనా అరుదు.

రోడ్డు ఎందుకు వచ్చింది, బస్సు వ్యవస్థ ఎందుకు రాలేదు? ఆ పథకం డబ్బు నిర్మాణానికి. రోజూ బస్సు తిప్పే ఖర్చుకు ఎవరూ హామీ ఇవ్వలేదు. పైగా రోడ్డు మున్సిపల్ కార్పొరేషన్‌ది, బస్సు ఆర్టీసీది, లేన్‌లోకి బైకు దూరితే ఆపాల్సింది ట్రాఫిక్ పోలీసు. ఈ ముగ్గురి పైనా కూర్చుని ‘ఈ లైను నాది’ అనే యజమాని లేడు. తారు పోయడానికి టెండరు పిలవచ్చు, బిల్లు పెట్టచ్చు, ఫొటో దిగచ్చు. ప్రతి రెండు నిమిషాలకూ బస్సు రావడానికి ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు పూనుకోవాలి. ఆ పూనిక లేకనే ‘బీఆర్టీఎస్ రోడ్డు’ అన్నది ఒక వీధి పేరుగా మిగిలింది. విజయవాడలో పిల్లలకు ఆ నాలుగక్షరాల వెనక బస్సు ఉందని కూడా తెలియదు.

దశలవారీగా కట్టడం అంటే ఏమిటో మనవాళ్ళు పొరబడింది ఇక్కడే. మొదటి దశ రోడ్డు, రెండో దశ స్టేషన్లు, మూడో దశ బస్సులు అని పంచుకున్నారు. అలా పంచితే మొదటి దశ పూర్తయిన రోజున ప్రయాణికుడికి ఒక్క నిమిషం కూడా కలిసిరాదు. కలిసిరాని దాన్ని కాపాడమని ఏ ప్రయాణికుడూ రోడ్డెక్కడు. దశ అంటే దూరంలో చిన్నదై, వ్యవస్థగా పూర్తిగా ఉండేది. ఎనిమిది కిలోమీటర్లే కావచ్చు, ఆ ఎనిమిదిలోనూ లేన్, స్టేషన్, బస్సు, టికెట్, సిగ్నల్, కాపలా అన్నీ మొదటి రోజునే ఉండాలి.

అహ్మదాబాద్ చేసింది ఇదే. 2009 అక్టోబరు 14న అక్కడి బీఆర్టీఎస్ ‘జనమార్గ్’ మొదలైనప్పుడు ఆర్టీవో కూడలి నుంచి పిరానా దాకా 12.5 కిలోమీటర్లే. నగరంలోని అతి ఇరుకు రోడ్డును మొదటే పట్టుకోకుండా, వెడల్పున్న రింగ్ రోడ్డు ఎంచుకున్నారు. జనం లేని రోడ్డును మాత్రం ఎంచుకోలేదు. బస్సు గుమ్మం ఎత్తులోనే స్టేషన్ ప్లాట్‌ఫాం, ఎక్కకముందే టికెట్, మొత్తానికీ బాధ్యత పడే ఒక ప్రత్యేక కంపెనీ. అందరూ వాడి చూశాక, తమ పేటకూ కావాలన్న మాట జనం నుంచే వచ్చింది. తరవాతి దశలకు అదే ఇంధనం.

మన పరిస్థితికి ఇంకా దగ్గరిది హుబ్బళ్ళి–ధార్వాడ. రెండు ఊళ్ళ మధ్య 22 కిలోమీటర్ల లైను. 2018 అక్టోబరులో బస్సులు మొదలయ్యాయి. 2020 ఫిబ్రవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు లాంఛనంగా ప్రారంభించారు. అక్కడ స్టేషన్ల దగ్గర బస్సులకు అదనపు లేన్ ఉంది. అన్ని చోట్లా ఆగే బస్సును ఎక్స్‌ప్రెస్ బస్సు దాటిపోగలదు. శివారు లైనుకు ఇది ప్రాణం. పెందుర్తిలో ఎక్కినవాడు మధ్యలో ప్రతి స్టాపులోనూ ఆగే బస్సులో కాంప్లెక్స్ దాకా కూర్చోడు, బైకు కొనుక్కుంటాడు. కొలంబియా రాజధాని బొగోటాలో 2000 డిసెంబరులో మొదలైన బస్సు వ్యవస్థ ట్రాన్స్‌మిలేనియో అంతమందిని మోయగలగడానికీ స్టేషన్ దగ్గరి ఆ దాటే లేనే ముఖ్య కారణం. తరవాత చూద్దాంలే అని దాన్ని వదిలేస్తే ఆ తరవాత రాదు. అప్పటికి ఆ జాగాలో దుకాణాలుంటాయి. హుబ్బళ్ళి–ధార్వాడలోనూ ఇప్పుడు ఫిర్యాదులున్నాయి, కొత్త రవాణా తేవాలన్న చర్చలున్నాయి. ఉండనివ్వండి. నడిచిన దాని మీద వచ్చే ఫిర్యాదు వేరు, నడపని దాని మీద వేసే నింద వేరు.

అపోహ: ఢిల్లీ, భోపాల్, ఇందౌర్ బీఆర్టీఎస్‌ను తీసేశాయి. ఇంకా ఎందుకు?

ఢిల్లీ సంగతి చూడండి. అంబేడ్కర్‌నగర్ నుంచి ఢిల్లీ గేట్ దాకా 14.5 కిలోమీటర్లు అనుకున్నారు. 2008లో మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు తెరిచి, అక్కడే ఆగిపోయారు. మొత్తం దారిలో సగం కూడా లేని చోట బస్సుకు మిగిలిన సమయమంతా, ఆ ముక్క దాటగానే వచ్చే జాంలో కరిగిపోయేది. చిరాగ్ ఢిల్లీ కూడలిలో సిగ్నల్ కోసం కార్లు చాలాసేపు ఆగిన మాట నిజమే, ఆ కూడలిని సరిగా రూపొందించలేదు. కారిడార్ ఎత్తేయాలని వేసిన వ్యాజ్యాన్ని 2012లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. దాన్ని తీసేయాలని నిర్ణయించింది ప్రభుత్వమే, 2015లో. 2016లో కూల్చారు. భోపాల్ కారిడార్ 2013లో మొదలై 2024 జనవరి నుంచి తొలగింపుకు గురైంది. ఇందౌర్‌లో ఏబీ రోడ్డు మీద 2013లో మొదలైన 11.5 కిలోమీటర్ల లైనును తీసేయమని 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ఆదేశించింది. ఇందౌర్ బస్సులు ఖాళీగా తిరగలేదు, జనం ఎక్కారు. కానీ పదేళ్ళు దాటినా ఆ ఒక్క గీత పక్కన రెండో గీత పడలేదు. ఒంటరిగా మిగిలిన లైను వల్ల లాభపడేవాళ్ళు కొందరే ఉంటారు, విసుక్కునేవాళ్ళు ఊరంతా ఉంటారు. ఢిల్లీ, ఇందౌర్ చెప్పేది రెండో దశ లేకపోతే మొదటి దశ బతకదని.

అపోహ: బస్సు లేన్ ఎప్పుడు చూసినా ఖాళీ, రోడ్డు వృథా.

పక్క లేన్‌లో జాంలో కూర్చున్నవాడికి ఇలా కనిపించడం సహజమే. కానీ లెక్క వేయండి. నిమిషానికో బస్సు వస్తుందనుకుందాం. ఒక బస్సు మన ముందు నుంచి దాటడానికి నాలుగైదు సెకన్లు. మిగతా యాభై అయిదు సెకన్లూ లేన్ ఖాళీగానే కనిపిస్తుంది. బస్సుకు 60 మంది చొప్పున గంటలో 3,600 మంది వెళ్ళిపోయి ఉంటారు. అదే లేన్‌లో కార్లు నింపితే, సిగ్నళ్ళున్న నగర రోడ్డులో గంటకు 800 దాటడం కష్టం. కారుకు ఇద్దరున్నారనుకున్నా 1,600 మంది. నిండుగా కనిపించే లేన్ తక్కువమందిని మోస్తోంది. అయితే ఈ లెక్క నిలవాలంటే నిమిషానికో, రెండు నిమిషాలకో బస్సు నిజంగా రావాలి. పావుగంటకో బస్సు పంపి లేన్ మూసేస్తే జనం తిట్టుకోవడంలో తప్పులేదు. బస్సులు ముందు, బారికేడ్లు తరవాత.

మిగతావి తొందరగా ముగిద్దాం. రోడ్డు వెడల్పు చేస్తే చాలంటారు. వెడల్పు చేసిన రోడ్లే కదా ఇప్పుడు నిండిపోయినవి. ఫ్లైఓవర్ ఒక కూడలిని దాటించి బస్సును తరవాతి కూడలిలో నిలబెడుతుంది. ఎలక్ట్రిక్ బస్సులు పొగ తగ్గిస్తాయి, జాంలో మాత్రం డీజిల్ బస్సు పక్కనే ఆగుతాయి. మెట్రో వచ్చేదాకా ఆగుదామంటే, విశాఖ మెట్రో మాట పదేళ్ళుగా వింటున్నాం. వచ్చినా సబ్బవరం నుంచీ కొత్తవలస నుంచీ మనిషిని స్టేషన్‌కు తెచ్చేది బస్సే.

ఒక్క మాట దగ్గర మాత్రం నేను పూర్తిగా కాదనలేను. “దశలవారీ అంటే ఎప్పటికీ పూర్తికానిది” అంటారు. చాలాచోట్ల అలాగే జరిగింది. పైన చెప్పిన ఢిల్లీ అందుకు సాక్ష్యం. విశాఖలో సింహాచలం దగ్గర గోశాల–అడవివరం మధ్య చిన్న ముక్క భూమి చిక్కుల్లో పడి ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఆ చిన్న ముక్క ఆగడంతో అటు ఇటు ఉన్న కిలోమీటర్లు ఒక లైనుగా కలవలేదు. భూమి చేతిలో లేకుండా పనులు మొదలుపెట్టి, దొరికిన చోటల్లా తారు పోసుకుంటూ వెళ్ళడాన్ని దశలు అని పిలిస్తే, ఆ దశల మీద జనానికి నమ్మకం పోవడం న్యాయమే. ఆ నమ్మకం తిరిగి రావాలంటే పని తీరు మారాలి, ప్రకటనలు సరిపోవు.

కాబట్టి మీ శివారుకు ఇలాంటి లైను అన్న మాట వినిపిస్తే, ప్రజాభిప్రాయ సేకరణకు తప్పక వెళ్ళండి. మొదటి దశ ఎక్కడ ముగుస్తుందో అడగండి. ఆసుపత్రి దగ్గరో, కాలేజీ దగ్గరో, రైల్వే స్టేషన్ దగ్గరో ముగియాలి. డబ్బు అయిపోయిన చోట ముగియకూడదు. ఆ దశకు కావలసిన భూమంతా చేతికి వచ్చిందా అని అడగండి. రాలేదంటే టెండరు ఆపమనండి. కారిడార్ అవతలి పల్లెల నుంచి వచ్చే బస్సులను లేన్‌లోకి రానిస్తారా అని అడగండి. రానిస్తే కొత్తవలసలో ఎక్కినవాడు పెందుర్తిలో దిగి మళ్ళీ ఎక్కనక్కర్లేదు, మొదటి దశ లాభం రోడ్డు పడని ఊళ్ళకూ అందుతుంది. స్టేషన్ దగ్గర దాటే లేన్ గీతల్లో ఉందో లేదో స్వయంగా చూడండి. మధ్యలో స్టేషన్ పెడుతుంటే, ముసలివాళ్ళూ పిల్లలూ అక్కడికి రోడ్డు దాటేదెలాగో, సిగ్నల్ ఉందో లేదో అడగండి. అది లేని కారిడార్ ప్రాణాలు తీస్తుంది. లేన్‌లోకి దూరే బళ్ళను ఆపే బాధ్యత ఏ అధికారిదో కాగితం మీద రాయించండి.

ఇవన్నీ అడగడానికి ముందు చేయగలిగిన పని ఇంకొకటుంది. ఉదయం ఎనిమిదిన్నరకు మీ స్టాపులో ఎక్కిన బస్సు ఊళ్ళోకి చేరడానికి ఎంతసేపు పడుతోందో, పది మంది కలిసి కొన్ని వారాలు రాసిపెట్టండి. వేపగుంట నుంచి ఎంత, గోపాలపట్నంలో ఎంతసేపు ఆగింది, ఎన్‌ఏడీ దాటడానికి ఎంత పట్టింది, విడివిడిగా. ఏ ముక్కలో బస్సు ఎక్కువ సేపు ఇరుక్కుంటోందో ఆ కాగితమే చెబుతుంది. మొదటి దశ అక్కణ్ణుంచి మొదలవ్వాలని ఆ కాగితం పట్టుకుని అడగండి. లైను వచ్చాక అదే బస్సుకు అదే సమయంలో మళ్ళీ కొలవండి. పది నిమిషాలు తగ్గితే రెండో దశ అడిగే హక్కు మీ చేతిలో ఉంటుంది. తగ్గకపోతే, ఈసారి ‘పనికిరాలేదు’ అనడానికి నడిపి చూసిన ఆధారం ఉంటుంది.