హోరు వెనక ఓ చెవి

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ‘రాగ్ మార్కెట్’ అని ఓ పాత సంత ఉంది. బట్టలూ చవక సరుకులూ అమ్మే చోటు. 1980ల మధ్యలో అక్కడ క్యాసెట్లు కూడా చేతులు మారేవి. నిక్ బులెన్ అనే కుర్రాడికి జస్టిన్ బ్రాడ్రిక్ అనే మరో కుర్రాడు పరిచయమైంది ఆ సంతలోనే. 1969లో పుట్టిన బ్రాడ్రిక్ అప్పటికింకా మీసాలు మొలిచే వయసువాడు. అప్పుడే ఇంట్లో కూర్చుని రొదను టేపుల మీద పట్టి, దానికో లేబుల్ పేరు పెట్టి, క్యాసెట్లుగా పంచుతున్నాడు. బులెన్ బ్యాండు పేరు నాపామ్ డెత్. డ్రమ్స్ దగ్గరికి మిక్ హారిస్ వచ్చి చేరాక 1986 ఆగస్టులో ఈ ముగ్గురూ ఊళ్లోనే ఉన్న ఓ స్టూడియోలో పన్నెండు పాటలు రికార్డు చేశారు. ఖర్చు యాభై పౌండ్లని చెబుతారు.

ఆ టేపులు కొన్నాళ్లు ఎటూ కాకుండా పడి ఉన్నాయి. ఈలోగా బులెన్, బ్రాడ్రిక్ ఇద్దరూ బ్యాండు వదిలేశారు. 1987 మేలో హారిస్ కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి మరో పదహారు పాటలు రికార్డు చేశాడు. పాతవి ఒక వైపు, కొత్తవి రెండో వైపు వేసి అచ్చొత్తిన ఎల్పీయే ‘స్కమ్’. మొత్తం ఇరవై ఎనిమిది పాటలు, నిడివి అరగంట చిల్లర. రెండు వైపులా వినబడే మనిషి హారిస్ ఒక్కడే.

మెటల్‌లోని అతి వేగమూ, ఎలక్ట్రానిక్ సంగీతంలోని అతి మొరటుతనమూ రెండు వేరు లోకాలని చాలామంది అనుకుంటారు. గిటార్ల జనం ఒక పక్క, మెషీన్ల జనం ఇంకో పక్క. కానీ అట్టల వెనక పేర్లు చదువుకుంటూ పోతే రెండు దారులూ మళ్లీ మళ్లీ ఒకే గుమ్మం ముందుకు తీసుకొస్తాయి. ఆ గుమ్మం మీద రాసి ఉండేది ఒక లేబుల్ పేరు. ఈ సంగీతంలోకి కొత్తగా అడుగుపెట్టేవాళ్లకు నేను చెప్పగలిగిన మాట ఒక్కటే: శైలి పేరు పట్టుకుని వెతకొద్దు, లేబుల్‌ని పట్టుకోండి. శైలి పేరు ఎవరో తర్వాత తగిలించింది. లేబుల్ వెనక మాత్రం ఒక మనిషి కూర్చుని విన్నాడు, ఇది జనానికి చేరాలని పట్టుబట్టాడు, సొంత డబ్బు పెట్టాడు.

‘స్కమ్’ విషయంలో ఆ మనిషి డిగ్బీ పియర్సన్. ఊరు నాటింగ్‌హామ్, లేబుల్ ఇయర్‌ఏక్. నిరుద్యోగులు సొంత వ్యాపారం పెట్టుకుంటే బ్రిటిష్ ప్రభుత్వం అప్పట్లో వారానికి 40 పౌండ్ల భృతి ఇచ్చేది. పియర్సన్ ఆ భృతి ఆసరాతోనే లేబుల్‌ని నిలబెట్టుకున్నాడు. ప్రతి రికార్డుకూ ‘మాష్’ అన్న ముద్ర, దాని పక్కన ఒక అంకె వేసేవాడు. ‘స్కమ్’ మూడోది. పదకొండోది ఫ్లోరిడా నుంచి మోర్బిడ్ ఏంజెల్ చేసిన ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’. పదిహేనోది మళ్లీ బర్మింగ్‌హామ్, గాడ్‌ఫ్లెష్ ‘స్ట్రీట్‌క్లీనర్’. ఇరవై ఒకటోది స్టాక్‌హోమ్ కుర్రాళ్లు ఎన్‌టూమ్‌డ్ తెచ్చిన ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’. మూడు దేశాలు, మూడు తీరుల సంగీతం. బ్యాండు పేరు ఎన్నడూ విననివాళ్లు కూడా అంకె చూసి కొనుక్కునేవారు. పియర్సన్ చెవి మీద అంత నమ్మకం.

ఇంతకీ ఏముంది ఇందులో?

మన చెవి పాటలో పల్లవిని వెతుక్కుంటుంది. చరణం అయ్యాక పల్లవి తిరిగొస్తుందని ఎదురుచూస్తుంది. ‘స్కమ్’ మొదటిసారి వింటే ఆ ఎదురుచూపు తీరదు. పాట మొదలైందని తెలిసేలోపే అయిపోతుంది. మొదటి వైపు చివర్లో ఉన్న ‘యూ సఫర్’ నిడివి 1.316 సెకన్లు. ప్రపంచంలోకెల్లా పొట్టి పాటగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. మిక్ హారిస్ స్నేర్ డ్రమ్మునూ కాలి కింది డ్రమ్మునూ మార్చి మార్చి ఎంత వేగంగా కొడతాడంటే, కాసేపటికి దెబ్బలు లెక్కకు అందవు. అన్నీ కలిసిపోయి ఒకే గరగరగా మిగులుతాయి. దీన్ని బ్లాస్ట్ బీట్ అంటారు. లయ అన్నది వేగం హద్దు దాటితే నాదంగా మారుతుందని నా చెవికి అర్థమైంది ఇక్కడే.

అరుపులో మాట తెలియదు కాబట్టి అర్థం లేదనుకోవడం సహజం. అట్టతో వచ్చిన పాటల కాగితం తీసి చదివితే వేరే సంగతి బయటపడుతుంది. బహుళజాతి కంపెనీలు, అధికారం, యుద్ధం, లోబడి బతకడం. ప్రధాని థాచర్ పాలనలో ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఊళ్లో పెరిగిన పిల్లల కోపమది. అందుకే ఆ గొంతు నాకు ఎప్పుడూ నటనలా తోచలేదు.

బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ ఈ పాటలను పట్టుబట్టి వేశాడు. 1987లోనే నాపామ్ డెత్‌ను స్టూడియోకి పిలిపించి తన కార్యక్రమం కోసం రికార్డు చేయించాడు. దేశమంతా వినే రేడియోలో సెకను పాటలు వినిపించడానికి ధైర్యం కావాలి. పీల్‌కి అది ఉంది. 1967 నుంచి 2004లో చనిపోయేదాకా ఆయన చేసిన పనే అది.

రేడియో అందని చోట్ల పోస్టు ఉండేది. ఫ్లోరిడా, స్వీడన్, బ్రెజిల్, జపాన్ కుర్రాళ్లు ఒకరి డెమో క్యాసెట్‌ను ఇంకొకరికి పంపుకునేవారు. వచ్చినదాన్ని కాపీ చేసి మరో పదిమందికి పంపేవారు. స్టాంపుల ఖర్చు భరించలేక, వాటి మీద పల్చగా జిగురు పూసి అంటించేవారు. అవతలివాళ్లు తడిపి తుడిస్తే పోస్టాఫీసు ముద్ర జిగురుతో పాటు ఊడివచ్చేది. అదే స్టాంపు తిరుగు టపాకు పనికొచ్చేది. ఉత్తరం చివర స్టాంపులు వెనక్కి పంపమని రాయడం మామూలే. పియర్సన్ లాంటివాళ్లు బ్యాండ్లను కనిపెట్టింది ఈ టపాలోనే.

డ్రమ్మర్ స్థానంలో యంత్రం

‘స్కమ్’ మొదటి వైపు గిటారు వాయించిన బ్రాడ్రిక్ తర్వాతేం చేశాడన్నదే నాకు ఈ కథంతటిలో ముఖ్యం. 1988లో జి.సి. గ్రీన్ అనే బేస్ వాద్యకారుడితో కలిసి గాడ్‌ఫ్లెష్ మొదలుపెట్టాడు. ఇద్దరే మనుషులు. డ్రమ్మర్ ఉండాల్సిన చోట ఒక డ్రమ్ మెషీన్. అప్పటికి మెటల్ అభిమానులకు డ్రమ్మర్ అంటే చెమట, కండబలం. యంత్రాన్ని పెట్టడం వాళ్ల దృష్టిలో మోసం. బ్రాడ్రిక్ ఆ యంత్రాన్ని మనిషిలా వినిపించడానికి ప్రయత్నించనే లేదు. యంత్రంగానే ఉంచాడు. 1989 చివర్లో వచ్చిన ‘స్ట్రీట్‌క్లీనర్’లో డ్రమ్ము ఒకే బరువుతో, ఒకే ఎడంతో, దయ లేకుండా పడుతూ ఉంటుంది. దాని మీద గిటారు కీచుమంటుంది, బేస్ నేలను దున్నుతుంది. నాపామ్ డెత్ పరుగుకు ఇది పూర్తిగా ఎదురు. మెల్లగా నడుస్తుంది, అయినా తప్పించుకోనివ్వదు. ఇదే ఊళ్లో అంతకు ఇరవై ఏళ్ల ముందు బ్లాక్ సాబత్ పుట్టింది. ఆ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో మెషీన్ కింద రెండు వేళ్ల చివర్లు పోగొట్టుకున్నవాడు. బర్మింగ్‌హామ్ సంగీతంలోకి మెషీన్ గాడ్‌ఫ్లెష్ కన్నా ముందే వచ్చిందని నేనంటాను.

హారిస్ కూడా ఆగలేదు. 1991లో నాపామ్ డెత్ వదిలేసి, బులెన్‌తో కలిసి స్కార్న్ మొదలుపెట్టాడు. మొదటి ఆల్బమ్ ‘వే సోలిస్’ 1992లో ఇయర్‌ఏక్ మీదే వచ్చింది. అందులో గిటారు వాయించింది బ్రాడ్రిక్. అంటే ‘స్కమ్’ మొదటి వైపు ముగ్గురూ ఆరేళ్ల తర్వాత మళ్లీ ఒక్కచోట చేరారు, ఈసారి ఎలక్ట్రానిక్ సంగీతం కోసం. ఆ తర్వాతి స్కార్న్ రికార్డుల్లో గిటారు కరిగిపోయింది. లోతైన డబ్ బేస్, చీకటి, నింపాదిగా పడే బీటు మిగిలాయి. అంత వేగంగా వాయించిన డ్రమ్మర్ వేగాన్ని పూర్తిగా వదిలేశాడు. రెండో వైపు పాడిన లీ డోరియన్ మెటల్‌లోకెల్లా నత్తనడకన సాగే డూమ్ వైపు వెళ్లి కథీడ్రల్ బ్యాండు పెట్టాడు, రైజ్ అబవ్ అనే సొంత లేబుల్ నడిపాడు. గిటారిస్టు బిల్ స్టీర్ తన మరో బ్యాండు కార్కస్‌కే పరిమితమయ్యాడు.

ఈ రెండు లోకాల మధ్య లంకె సామానులోనూ ఉంది. రోలండ్ అనే జపాన్ కంపెనీ నుంచి 1983లో రెండు వస్తువులు బజారుకొచ్చాయి. ఒకటి టీఆర్-909 డ్రమ్ మెషీన్. రెండోది ఆ కంపెనీదే అయిన బాస్ బ్రాండు కింద వచ్చిన హెచ్ఎం-2 అనే గిటారు పెడల్. మొదటిదాని తయారీ రెండేళ్లకే ఆగిపోయింది, రెండోది 1991లో ఆగింది. ఆదరణ తగ్గిన సామాను సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరింది, డబ్బుల్లేని కుర్రాళ్ల చేతికొచ్చింది. స్టాక్‌హోమ్‌లో ఎన్‌టూమ్‌డ్ మనుషులు ఆ పెడల్ మీదున్న నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పేశారు. స్వీడన్ డెత్ మెటల్‌కు పేరు తెచ్చిన ‘చెయిన్‌సా’ మోత అలా వచ్చింది. 909 కిక్ డ్రమ్మును మరో గుంపు మిక్సర్‌లోంచి పగిలేదాకా నెట్టింది. అదే హార్డ్‌కోర్ టెక్నో. వాళ్లూ వీళ్లూ ఒకరినొకరు ఎరగరు. చేసిన పని మాత్రం ఒకటే: యంత్రాన్ని దాని తయారీదారు ఊహించని చోటికి తోయడం.

ఈ హార్డ్‌కోర్‌కు మొదటి రికార్డుగా ఎక్కువమంది చెప్పేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో పీసీపీ అనే లేబుల్ 1990లో తెచ్చిన ‘వీ హ్యావ్ అరైవ్డ్’. దాని మీదున్న మెస్కాలినమ్ యునైటెడ్ అన్న పేరు వెనకున్నది మార్క్ అకార్డిపేన్. ఆయనకు ఇలాంటి మారుపేర్లు డజన్ల కొద్దీ ఉన్నాయి. లేబుల్ జాబితా చూస్తే పెద్ద గుంపేదో ఉందనిపిస్తుంది, సగానికి సగం ఈయనే. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో లెన్నీ డీ 1991లో ఇండస్ట్రియల్ స్ట్రెంత్ లేబుల్ పెట్టినప్పుడు తొలి రికార్డుగా వేసింది కూడా మెస్కాలినమ్ యునైటెడ్‌నే. రాటర్‌డామ్‌లో పాల్ ఎల్‌స్టాక్ మొదలుపెట్టిన లేబుల్‌తో అదే గ్యాబర్ అయి, ఓడరేవు ఊరి పిల్లలందరి సంగీతమైంది. తొంభైల మధ్యలో ఇయర్‌ఏక్ లెన్నీ డీ లేబుల్ పాటలను సంకలనంగా తెచ్చింది, అల్ట్రావయలెన్స్ పేరుతో ఒకే మనిషి మెషీన్ల మీద చేసిన ఆల్బమ్‌లనూ వేసింది. మెటల్ కొనడానికి వచ్చినవాడి సంచిలో గ్యాబర్ కూడా పడింది.

బెర్లిన్ బ్యాండు అటారీ టీనేజ్ రయట్‌ది ఇంకో తోవ. పెద్ద కంపెనీ ఇచ్చిన అడ్వాన్సుతో ఆ బ్యాండు మనిషి అలెక్ ఎంపైర్ 1994లో డిజిటల్ హార్డ్‌కోర్ రికార్డింగ్స్ అనే సొంత లేబుల్ పెట్టాడు. గోడ కూలాక జర్మనీలో తలెత్తిన నయా నాజీల మీద కోపం, పంక్ గిటారు ముక్కలు, పాత అటారీ కంప్యూటర్, పగిలిన బ్రేక్‌బీట్లు కలిసిన సంగీతమది.

పెద్ద కంపెనీల చూపు పడ్డప్పుడు ఏమవుతుందో ఇయర్‌ఏక్ కూడా చూసింది. 1993లో అమెరికాలో ఆ లేబుల్ బ్యాండ్లను అమ్మేందుకు కొలంబియా రికార్డ్స్ ముందుకొచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే ఆసక్తి పోయింది. కార్కస్ ‘స్వాన్‌సాంగ్’ పెద్ద కంపెనీ కోసం తయారై, చివరికి 1996లో ఇయర్‌ఏక్ మీదే విడుదలైంది. అప్పటికి బ్యాండే లేదు. ఈ సంగీతానికి కావలసింది పెద్ద గోదాము కాదు. ఓపిగ్గా వినే మనిషి.

డొమినిక్ ఫెర్నో నడిపే హాస్పిటల్ ప్రొడక్షన్స్ అలాంటి మనిషి లేబులే. న్యూయార్క్‌లో రెగె రికార్డులమ్మే ఓ దుకాణం నేలమాళిగలో కొన్నేళ్లు ఆయన కొట్టు నడిచింది. నాయిజ్, బ్లాక్ మెటల్, టెక్నో ఒకే అరలో పెట్టేవాడు. బ్రాడ్రిక్ ‘జేకే ఫ్లెష్’ పేరుతో చేసే టెక్నో ఈ లేబుల్ మీద కూడా వచ్చిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. మధ్యలో ఆగిపోయిన గాడ్‌ఫ్లెష్ తిరిగొచ్చాక 2014లో చేసిన ఆల్బమ్‌ను వేసింది బ్రాడ్రిక్ సొంత లేబుల్ అవలాంచ్.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అండర్‌గ్రౌండ్ అన్న మాట కింద ద్వేషం అమ్ముకునే లేబుళ్లూ ఉన్నాయి. బ్లాక్ మెటల్ మూలల్లో జాతి గర్వం పాడేవాళ్లున్నారు. లేబుల్ ముద్ర ఒక మనిషి రుచిని చూపించినట్టే అతని బుద్ధినీ చూపిస్తుంది. ఒక రికార్డు నచ్చగానే ఆ లేబుల్ ఇంకేం వేసిందో చూడటం అందుకు కూడా అవసరం.

ఇప్పుడు స్టాంపులతో పని లేదు. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్‌లో ప్రతి లేబుల్‌కీ ఒక పేజీ ఉంటుంది, చాలా ఆల్బమ్‌లను పూర్తిగా విన్నాకే కొనుక్కోవచ్చు. డిజిటల్ అమ్మకంలో కంపెనీ తీసుకునేది మామూలుగా 15 శాతం. కరోనా కాలంలో, 2020 మార్చి నుంచి, కొన్ని శుక్రవారాలు ఆ వాటా కూడా వదులుకుంది. 2022లో ఎపిక్ గేమ్స్, 2023లో సాంగ్‌ట్రేడర్ దాన్ని కొన్నాయి. రెండో అమ్మకంతో పాటు ఉద్యోగుల్లో సగం మంది ఉద్యోగాలు పోయాయి. ఇంత సంగీతం ఒకే కొట్టులో ఉండటం నాకు భయంగానే ఉంది. అయినా అందులో నచ్చిన ఆల్బమ్ పక్కనే లేబుల్ పేరు ఉంటుంది. ముందు దాని మీద నొక్కండి.

అలా నొక్కుతూ పోతే ముంబయికీ చేరతారు. కునాల్ చోక్సీ నడిపే ట్రాన్సెండింగ్ అబ్‌స్క్యూరిటీ లేబుల్ అక్కడి నుంచే ప్రపంచ దేశాల డెత్ మెటల్ బ్యాండ్ల రికార్డులు వేస్తోంది. యూరప్, అమెరికా బ్యాండ్లు తమ ఆల్బమ్ విడుదలకు ముంబయి మనిషి చెవిని నమ్ముతున్నాయి. హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్లు కలిసి కట్టిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ‘స్కమ్’ మొదటి వైపు, తర్వాత ‘స్ట్రీట్‌క్లీనర్’, తర్వాత ‘వే సోలిస్’ వినండి. ఆ వెంటనే గాడ్‌లెస్ వినండి. తొలి మూడింటిలో ఒకే మనిషి గిటారు మూడు చోట్ల మూడు రకాలుగా వినిపిస్తుంది. నాలుగోదాంట్లో మన ఊరివాళ్ల చేతులు వినిపిస్తాయి.