లేనిలోకపు కథలు – వానిని చదువు తీరు

పుస్తకము చేతబట్టిన గృహిణిని "ఏమి చదువుచున్నావమ్మా?" యని యడిగినవారు, రామాయణమని చెప్పినచో తల యూపుదురు, వంటల పుస్తకమని చెప్పినను మెచ్చుకొందురు. మాయద్వీపము కథ యనియో, చంద్రమండల యాత్ర యనియో చెప్పినచో నవ్వుదురు. అట్టి కథలు పిల్లలను నిదురపుచ్చుటకే గాని పెద్దల పఠనమునకు దగవని లోకమున నొక యభిప్రాయము పాతుకొని యున్నది. సోదరీమణులారా! ఇది యెంతవరకు సరియో మనము కొంచెము విచారింతము. ఏలయన, ఈ కథలను చులకన చేయుటలో వానిని తరతరములుగా చెప్పిన తల్లులను, వ్రాసిన స్త్రీలను గూడ చులకన చేయుట గలదు.

నారాయణఖేడు ప్రాంతమునే చూడుడు. 1948 వరకు నిజాము రాజ్యమునందును, 2016 వరకు మెదకు జిల్లాయందును ఉండి, నేడు సంగారెడ్డి జిల్లాలో చేరిన యీ సీమ కర్ణాటకమునందలి బీదరు జిల్లాకు పొరుగున నున్నది. ఇచట తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ భాషలు చెవినిబడును. తండాలలో లంబాడీ భాష వినవచ్చును. ఈ భాషలలో అద్భుతకథ లేని భాష యొక్కటియు లేదు. ఉర్దూలో "తిలిస్మె హోష్‌రుబా" యను మహాకథ 1883 మొదలు లక్నో నగరమున నవల కిశోర్ ముద్రాలయమువారిచే సంపుటములుగా నచ్చుపడినది. తెలుగున మధిర సుబ్బన్న దీక్షితులుగారు పండ్రెండు భాగములుగా కాశీమజిలీ కథలను వ్రాసిరి. అందు మణిసిద్ధుడను యతి కాశికి బోవుచు, వెంటవచ్చు గోపబాలునకు మజిలీ మజిలీకి నొక కథ చెప్పును. నడక యలసట కథచే తీరును. ఇంటిపనుల యలసటయు నట్లే తీరునని మన పెద్దముత్తైదువలు చిరకాలమునుండి యెరుగుదురు.

అయినను అలసట తీర్చుటయే దీని ప్రయోజనమైనచో గౌరవింపవలసిన పనిలేదు. పింగళి సూరన 16వ శతాబ్దమున రచించిన కళాపూర్ణోదయమును స్మరింపుడు. ఆ కాలపు కవులు పురాణములనుండి కథలు గ్రహించుచుండగా, సూరన స్వయముగా కథ కల్పించెను. అందు బ్రహ్మ సరస్వతికి, జరుగబోవు కథ నొకదానిని చెప్పును. చెప్పినది చెప్పినట్లు భూలోకమున జరుగును. పసిబిడ్డయైన మధురలాలస మణిహారము మెడబడగానే పూర్వజన్మ వృత్తాంతమును వినిపించును. వినోదముగా దోచు నీ కల్పనలో నొక గంభీరమైన ప్రశ్న యున్నది: మాట లోకమును వర్ణించునా, లేక లోకమును పుట్టించునా? కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో వెలువరించిన "కవిత్వతత్త్వ విచారము"న నీ కావ్యమును ప్రత్యేకముగా పరిశీలించిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు దానిని ఆంగ్లమునకు దెచ్చిరి. పండితులు తలవంచి చదివిన గ్రంథమును మనము కట్టుకథ యని త్రోసివేయవచ్చునా?

కల్పన సంఘమునకు అద్దము పట్టుటయు గలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 19వ శతాబ్దపు చివరి దశాబ్దమున "సత్యరాజా పూర్వదేశ యాత్రలు" వ్రాసిరి. 1726లో వెలువడిన గలివరు యాత్రలు దీనికి ప్రేరణము. సత్యరాజు చేరిన ఆడుమళయాళమున పెత్తనమంతయు స్త్రీలదే. మన దేశమున స్త్రీలకు విధించిన కట్టుబాట్లు అచట పురుషులకు విధింపబడి యుండును. సూటిగా చెప్పిన ఉపన్యాసమునకు చెవులు మూసికొను పాఠకుడు, ఈ తారుమారు లోకమును చూచి మొదట నవ్వును. పిమ్మట తన యింటిలోని దానిని జ్ఞాపకము తెచ్చుకొనును. అద్భుతకథ చేయు పని యిదియే.

ఇదే విధమైన తలక్రిందుల లోకమును ఒక స్త్రీ స్వయముగా కల్పించినది. బంగాళదేశపు రుకియా సఖావత్ హుసేన్ గారికి అన్నగారు రాత్రివేళల రహస్యముగా ఆంగ్లము నేర్పిరి. ఆమె ఆ భాషలోనే "సుల్తానా స్వప్నము" వ్రాయగా, 1905లో చెన్నపట్టణపు "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్" అను స్త్రీల పత్రికలో అది వెలువడెను. ఆ పత్రికను 1901లో స్థాపించి నడపిన కమలా సత్తియనాథన్ గారు తెలుగింటి ఆడుబిడ్డ. కనుక శాస్త్రకల్పన చరిత్రలో ప్రసిద్ధికెక్కిన యీ కథకు పురుడు పోసినది మనవంటి గృహిణుల పత్రికయే యని మనము గర్వింపవచ్చును.

ఆ కథలోని స్త్రీరాజ్యమున పురుషులు ఘోషాలో నుందురు. స్త్రీల విశ్వవిద్యాలయములలో నొకటి ఆకాశమునుండి నీటిని రాబట్టు యంత్రమును, మరియొకటి సూర్యుని వేడిమిని నిలువచేయు సాధనమును కనిపెట్టును. వంట సూర్యరశ్మితో జరుగును, పొగలేదు, బొగ్గులేదు. శత్రుసేన నెదుర్కొనుటకు ఆ వేడిమియే యాయుధ మగును. వానకై యెదురుచూచు నారాయణఖేడు నేలలో నీ కథను చదువు స్త్రీకి దాని రుచి వేరుగా నుండును. సింగూరు జలాశయమునుండి నీటిని ఎత్తిపోసి యీ మెట్టభూములకు దెచ్చు బసవేశ్వర పథకమునకు 2022లో నారాయణఖేడున శంకుస్థాపన జరిగినది. నీళ్లబిందె బరువు నెరిగిన స్త్రీకి, నీటిని గూర్చిన కల ఊసుపోకకు వ్రాసినది కాదు. అది బ్రదుకు లెక్క.

ఇతర దేశములందును ఈ వాఙ్మయమునకు స్త్రీలే దారి తీసిరి. మేరీ షెల్లీ పదునెనిమిదేండ్ల ప్రాయమున నారంభించిన "ఫ్రాంకెన్‌స్టైన్" 1818లో రచయిత పేరు లేకయే వెలువడెను. జీవము పోయనేర్చిన శాస్త్రజ్ఞుడు తాను సృష్టించిన ప్రాణిని పెంచు బాధ్యతను విడిచిన నేమగునో యామె చూపెను. బిడ్డను గన్నవారికి ఆ ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికాలో 1959లో ఈ వాఙ్మయపు అధ్యయనమునకై "ఎక్స్‌ట్రాపొలేషన్" అను పత్రిక వెలసినది. 2014లో ఉర్సులా లెగ్విన్ గారికి ఆ దేశపు నేషనల్ బుక్ ఫౌండేషన్ వారు విశిష్ట సేవా పతకము నొసంగిరి.

ఇక చదువు తీరు. మూడు ప్రశ్నలు చేతనుంచుకొన్న చాలును. మొదటిది: ఈ కథ మన లోకములోని యే నియమమును మార్చినది? రెండవది: మార్చిన నియమమును కడవరకు పాటించినదా, లేక చిక్కువచ్చినప్పుడెల్ల క్రొత్త మాయను దెచ్చి తప్పించుకొన్నదా? మూడవది: పుస్తకము మూసిన పిమ్మట మన లోకము వేరుగా గనబడుచున్నదా? సుల్తానా స్వప్నమున మారినది ఘోషా యెవరికి అను నొక్క నియమమే. తక్కిన దంతయు దానినుండియే పుట్టును. కనుకనే అది నిలిచినది. పదిమంది మాంత్రికులను తెచ్చి, పది ఖడ్గములను త్రిప్పి, ఒక్క ప్రశ్నయైన మిగుల్పని కథలును గలవు; వానిని చదివి నవ్వి మరచుట తప్పుగాదు.

అద్భుతకథలు మూఢవిశ్వాసమును పెంచునని కొందరు శంకింతురు. మేము దీని నొప్పుకొనము. కథలోని మంత్రము కథకు మాత్రమే చెల్లునని యెరిగి చదివినవారు, వీధిలో తాయెత్తు లమ్మువాని మాటకు లోబడరు. కల్పనను కల్పనగా గుర్తించు నేర్పు కల్పనను చదువుటచేతనే వచ్చును. పిల్లలకును ఈ భేదమును కథ చెప్పునప్పుడే నేర్పవచ్చును. 1947 జూలైలో ఆరంభమైన "చందమామ"లో దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలను చదివి పెరిగినవారు రాక్షసులు నిజముగా నున్నారని నమ్మలేదు. భయపడినను ముందునకు సాగవలెనని మాత్రము నేర్చిరి.

కావున మధ్యాహ్నము పని ముగిసిన పిమ్మట నలుగురు కలిసి వారమున కొక కథను చదువుడు. ఒకరు చదువగా తక్కినవారు వినవచ్చును. చదువు రాని అత్తగారిని, అమ్మమ్మగారిని తప్పక కూర్చుండబెట్టుకొనుడు. చివర పై మూడు ప్రశ్నలను వేసికొనుడు. వారికి తెలిసిన రాకాసి కథలను, ఏడుగురు అన్నదమ్ముల కథలను వారి మాటలలోనే యొక పుస్తకమున వ్రాసియుంచుడు. తెలుగున చెప్పినది తెలుగుననే, లంబాడీలో చెప్పినది ఆ నుడికారముతోనే వ్రాయుడు. అచ్చుకాని యా కథలు చెప్పువారితోనే పోవును. ఉన్న లోకమును చక్కబెట్టుట మన నిత్యకృత్యము. లేని లోకమును ఊహింపగలిగినవారికే ఉన్నదానిలోని కొరత కంటబడును.