అధికశ్రమకు బదులు సెలవు



జీతగాడు నియమితకాలమునకు మించి శ్రమించినచో, ఆ మిగులుశ్రమకు ప్రతిఫల మేమి? ధనమా, విశ్రాంతియా? అమెరికా సంయుక్తరాష్ట్రములలో పురపాలకసంఘములు, కౌంటీ లనబడు జిల్లాసంస్థలు ఈ విషయమున అనుసరించు పద్ధతి తెలిసికొనదగినది.

అచట 1938లో శ్రమప్రమాణముల చట్ట మేర్పడెను. సామాన్యముగా వారమునకు 40 గంటలు మించిన పనికి ఒకటిన్నరరెట్లు కూలి యీయవలయునని దాని నేటి విధి. ఇది స్థానికసంస్థలకు వర్తించునా యను వివాదము చిరకాలము సాగెను. వాని సాంప్రదాయిక విధులకు వర్తింపదని 1976లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1985లో తన తీర్పును తానే త్రోసివేసి, వర్తించు ననెను. అంత ధనమెచటినుండి తేగలమని పురపాలకులు కలవరపడగా, ఆ యేడే కాంగ్రెసుసభ చట్టమును సవరించి, ధనమునకు బదులు సెలవు నీయవచ్చు ననెను. ప్రయివేటు యజమానుల కీ సదుపాయము లేదు.

అయితే సెలవును ఇచ్చవచ్చినట్లు ఈయరాదు. పనికి ముందే యుభయులకు ఒడంబడిక యుండవలయును. గంట యధికశ్రమకు గంటన్నర సెలవు. అనగా 8 గంటలకు 12 గంటలు. ఈ నిలువ 240 గంటలు దాటరాదు. రక్షకభటులు, అగ్నిమాపకులు మున్నగువారికి 480 గంటలు. అది దాటిన పిదప ధనమే యీయవలయును. ఉద్యోగి కోరినప్పుడు, పనికి మితిమీరిన భంగము కలుగనిచో, తగినకాలములో సెలవు నొసగవలయును. కొలువు విడుచునాటికి మిగిలిన గంటలకు సొమ్ము చెల్లింపవలయును.

కావున నిలువయున్న సెలవు సంస్థకు ఋణమే. ఆ భారమునకు వెఱచి టెక్సాసులోని హారిస్ కౌంటీ తన భటులచే బలవంతముగా సెలవు వాడించెను. వారు న్యాయస్థానమున కెక్కిరి. చట్ట మట్టి నిర్బంధమును నిషేధింపలేదని 2000లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. సెలవు ఉద్యోగిదే యైనను, దానిని వాడుకొను దినము సర్వదా అతని చేతిలో నుండదని దీనివలన తేలుచున్నది.

ఆ చట్టము మనకు వర్తింపదు. కాని జాతరదినములలో, వరదకాలములో పారిశుద్ధ్యపు పనివారు, నీటిపనివారు ప్రొద్దెఱుగక శ్రమించుట మన యూళ్లలోను కలదు. "తరువాత చూతము" అను మాట వారి కడుపు నింపదు, అలసట తీర్పదు. ప్రతిఫలము పనికి ముందే నిశ్చయింపుడు. గంటలు పుస్తకమున వ్రాయింపుడు. తీర్చు గడువు తెలుపుడు. ఈ మూడును జరిగిననాడు పనివాడు యాచింప నక్కఱలేదు. పెద్దలకు మాట పడు నవసరమును రాదు.