ఈ లైను ఎవరు రాశారు, ఎందుకు రాశారు

పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా రాసే కోడ్ తక్కువ, ఉన్నదాన్ని సవరించడం ఎక్కువ. హైదరాబాద్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లలో చాలామంది రోజూ చేసేది అదే. ఎక్కడో ఎవరో ఏళ్ల కిందట రాసిన ప్రోగ్రాం ఆగకుండా చూడాలి, అడిగిన మార్పు చేసివ్వాలి. ఒక బ్యాంకు వడ్డీ లెక్కల్లో, ఫలానా తేదీకి ముందు తెరిచిన ఖాతాలను వేరే దారి పట్టించే ‘ఇఫ్’ ఒకటి తగిలిందనుకోండి. తీసేయొచ్చా? రాసినాయన ఉద్యోగం మానేసి ఎన్నాళ్లయిందో. డాక్యుమెంట్లలో దాని ఊసే లేదు. అప్పుడు ఆదుకునేది వర్షన్ కంట్రోల్ ఒక్కటే. కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ చేసినవారి పేరుతో, తేదీతో, కారణంతో సహా దాచిపెట్టడం దాని పని. కంపైలర్ల గురించి, ఇప్పుడు ఏఐ గురించి రాస్తున్నంతగా దీని గురించి రాయరు గానీ, సాఫ్ట్‌వేర్ పరిశ్రమ ఇంత పెద్దదై కూడా కుప్పకూలకుండా ఉందంటే అందులో ఈ పనిముట్టు వాటా చాలా ఉంది.

నేటి సాధనాల వంశం 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. అక్కడ మార్క్ రోచ్‌కైండ్ అనే ఇంజినీరు ‘సోర్స్ కోడ్ కంట్రోల్ సిస్టమ్’ తయారుచేశారు. అందరూ పొట్టిగా ఎస్‌సీసీఎస్ అనేవారు. మొదట ఐబీఎం సిస్టమ్/370 మీద స్నోబాల్ భాషలో రాసి, తర్వాత యూనిక్స్ కోసం సీ భాషలోకి మార్చారు. ఆ రోజుల్లో డిస్కు చాలా ఖరీదు. మార్చినప్పుడల్లా మొత్తం ఫైలుకు కాపీ తీసి ఉంచుకోవడం కుదరని పని. అందుకని ఆయన ఒకే ఫైలులో ఇప్పటిదాకా రాసిన లైన్లన్నీ, తీసేసినవాటితో సహా, ఉంచేశారు. ఏ లైను ఎన్నో వర్షన్‌లో చేరిందో, ఎన్నో వర్షన్‌లో పోయిందో తెలిపే గుర్తులు వాటి మధ్యలో పెట్టారు. మూడో వర్షన్ కావాలంటే ఆ ఫైలును పైనుంచి కిందికి ఒక్కసారి చదివి, అప్పటికి బతికున్న లైన్లనే బయటికి పంపితే చాలు.

ఎస్‌సీసీఎస్‌లో నాకు బాగా నచ్చే సంగతులు రెండున్నాయి. ప్రోగ్రాంలో @(#) అనే గుర్తు పక్కన వర్షన్ నంబరు రాసి కంపైల్ చేస్తే, తయారైన మెషీన్ కోడ్‌లో కూడా అది ఉండిపోతుంది. ‘వాట్’ అనే కమాండ్ ఇస్తే ఆ గుర్తును వెతికి పట్టుకుని, వాడుతున్నవాళ్ల దగ్గర నడుస్తున్నది ఏ వర్షనో చెప్పేస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. మార్పు చేసి భద్రపరచబోతే యంత్రం ఆగి, “కామెంట్స్?” అని అడిగేది. ఏం మారిందో, ఎప్పుడు మారిందో అది తనంతట తాను లెక్కకట్టగలదు. ఎందుకు మారిందో మాత్రం మనిషే చెప్పాలి. ఆ సంగతి యాభై ఏళ్ల కిందటే గ్రహించారు.

ఇబ్బందల్లా తాళంతో వచ్చింది. ఒకరు ఫైలు తీసుకుని దిద్దుతుంటే రెండోవారు ఆగాల్సిందే. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ తెచ్చిన ఆర్‌సీఎస్ వేగం పెంచింది. తాజా వర్షన్‌ను పూర్తిగా ఉంచి, పాతవాటికి వెళ్లడానికి తేడాలను మాత్రమే దాచింది. తాళం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక సీ కంపైలర్ మీద పనిచేస్తున్నారు. ఒక విద్యార్థి ఆఫీసు వేళల్లో పనిచేసేవాడు, ఇంకొకడికి వేళాపాళా లేదు, గ్రూన్‌కు సాయంత్రాలే తీరిక. ముగ్గురూ ఒకరికోసం ఒకరు ఆగితే పని సాగదు. అందుకని ఎవరి కాపీ వాళ్లు దిద్దుకుని తర్వాత కలిపేసుకునేలా ఆర్‌సీఎస్ మీద కొన్ని స్క్రిప్టులు రాసుకున్నారు. 1986లో బయటికి వచ్చిన ఆ స్క్రిప్టులే సీవీఎస్ అయ్యాయి. ఇద్దరూ ఒకే లైను మార్చితే తప్ప యంత్రం గొడవపెట్టదు. ఇవాళ ఒక టీమ్ సగం హైదరాబాద్‌లో, సగం డాలస్‌లో కూర్చుని ఒకే కోడ్ మీద పనిచేస్తోందంటే ఆ పద్ధతికి బీజం అక్కడుంది.

తర్వాత పదిహేనేళ్లలో 1992 నాటి క్లియర్‌కేస్ వంటివి పెద్ద సంస్థల్లోకి వెళ్లాయి. వాటిని చూసుకోవడానికి ప్రత్యేకంగా అడ్మిన్‌లను పెట్టుకోవాల్సి వచ్చేది. 2000లో మొదలైన సబ్‌వర్షన్ సీవీఎస్ లోపాలను చాలావరకు సరిదిద్దింది. అయినా చరిత్ర అంతా ఒక సర్వర్‌లోనే ఉండేది.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌ను రాసే బృందానికి అది సరిపడలేదు. వాళ్లు 2002 నుంచి బిట్‌కీపర్ అనే కంపెనీ సాధనాన్ని ఉచితంగా వాడుకునేవారు. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ బిట్‌కీపర్ సర్వర్‌తో మాట్లాడే మార్గం సొంతంగా కనుక్కోబోయారు. వివాదం ముదిరి, 2005లో కంపెనీ ఉచిత వాడకాన్ని ఆపేసింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెర్నల్ పని పక్కన పెట్టి ఏప్రిల్ 3న గిట్ అనే సొంత సాధనం మొదలుపెట్టారు. నాలుగు రోజులకు, ఏప్రిల్ 7న, గిట్ తన కోడ్‌ను తానే భద్రపరచుకుంది. జూన్‌లో కెర్నల్ 2.6.12 గిట్ మీదే విడుదలైంది. జూలైలో నిర్వహణ బాధ్యతను జునియో హమానో అనే ప్రోగ్రామర్‌కు అప్పగించారు. కీర్తి టోర్వాల్డ్స్‌కు దక్కింది గానీ, దాన్ని అందరూ వాడగలిగేలా తీర్చిదిద్దడంలో హమానో ఓపిక చాలా ఉంది.

గిట్ లోపల జరిగేది భూమి కొనేటప్పుడు మనం అడిగే లింకు డాక్యుమెంట్ల వంటిది. గిట్‌లో భద్రపరిచిన ఒక్కో మార్పును కమిట్ అంటారు. ప్రతి కమిట్‌లో ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో, ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఎందుకు చేశారో ఉంటుంది. దాంతోపాటు దానికి ముందున్న కమిట్ గుర్తు ఉంటుంది. వీటన్నిటినీ షా-1 అనే లెక్కలో వేసి 40 అక్షరాల గుర్తు తీస్తారు. పదేళ్ల కిందటి ఫైలులో ఒక్క కామా మార్చినా ఆ కమిట్ గుర్తు మారుతుంది, దాన్ని చెప్పుకునే తర్వాతి కమిట్ గుర్తూ మారుతుంది, అలా ఇవాళ్టిదాకా అన్నీ మారిపోతాయి. పైగా ఈ చరిత్ర మొత్తం ప్రతి ప్రోగ్రామర్ దగ్గరా ఉంటుంది. చాటుగా దిద్దితే మిగతావాళ్ల కాపీలతో సరిపోలదు. షా-1ను బోల్తా కొట్టించి, ఒకే గుర్తు వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను 2017లో పరిశోధకులు తయారుచేసి చూపించారు. అప్పటినుంచి షా-256 వైపు మళ్లే పని నడుస్తోంది.

చరిత్ర ఉంటే ఏం లాభమో గిట్‌లోని ‘బైసెక్ట్’ అనే కమాండ్ చూపిస్తుంది. నెల కిందట సరిగ్గా నడిచింది, ఇవాళ తప్పు లెక్క చూపిస్తోంది, మధ్యలో వెయ్యి కమిట్లున్నాయి. గిట్ సరిగ్గా మధ్యలోదాన్ని తెచ్చి ముందు పెడుతుంది. పరీక్షించి బాగుందో లేదో చెబితే, తప్పు లేని సగాన్ని వదిలేసి మిగతా సగంలో మళ్లీ మధ్యకు వెళుతుంది. పది పరీక్షలకల్లా ఆ ఒక్క కమిట్ చేతికొస్తుంది.

తెరిచి చూస్తే అక్కడ “ఫిక్స్” అని ఒక్క మాట ఉంటే ఏం చేస్తాం? యంత్రం తన పని పూర్తిచేసింది, మనిషే చేయలేదు. లైనక్స్ కెర్నల్ బృందం ఈ విషయంలో పట్టుబడుతుంది. సమస్య ఏమిటో, ఈ మార్పే ఎందుకో వివరించకపోతే పంపిన మార్పును, అంటే ప్యాచ్‌ను, తిప్పి పంపుతారు. ఒక లైను మార్పుకు మూడు పేరాల వివరణ అక్కడ మామూలే. డెలివరీ తేదీల ఒత్తిడిలో ఉన్న మన కంపెనీల్లో కూడా ఈ అలవాటు రావాలని గట్టిగా కోరుకుంటాను. ఆ వడ్డీ లెక్కలోని ‘ఇఫ్’ పక్కన రెండు వాక్యాలుంటే, తర్వాత వచ్చినవాళ్లకు వారం పని గంటలో తేలిపోతుంది.

ఇంకో నష్టం పాత సాధనం నుంచి కొత్తదానికి మారేటప్పుడు జరుగుతుంది. తాజా కోడ్ ఒక్కటే తెచ్చుకుని చరిత్రను పాత సర్వర్‌లో వదిలేస్తారు. కొన్నాళ్లకు ఆ సర్వర్‌ను కూడా ఆపేస్తారు. గిట్‌కు మారినప్పుడు లైనక్స్ కూడా పాత చరిత్ర తేలేదు. అప్పటికి గిట్ పసిది, ఆ చరిత్రేమో సుమారు 3.2 గిగాబైట్లు. 2005 ఏప్రిల్ 16 నాటి మొదటి కమిట్‌లో, ఎందుకు తేవడం లేదో టోర్వాల్డ్స్ కారణం రాసిపెట్టారు, కావాలంటే తర్వాత వేరే భాండాగారంగా కట్టుకోవచ్చనీ చెప్పారు. ఇతరులు ఆ పని చేశారు. ఇవాళ కెర్నల్‌లో ఏదైనా పాత లైను పుట్టుక వెతుకుతూ ఆ కమిట్ దగ్గర ఆగిపోయినవాళ్లు, ఆ పాత భాండాగారాన్ని తెచ్చి తమ కాపీకి అతికించుకుని, 2005కు వెనక్కి కూడా వెళ్లి చదువుకోగలుగుతున్నారు.