వేరు మండలపు మేలు బాక్టీరియా: జన్యుక్రమం చెప్పేది, చెప్పనిది

మొక్క వేరును అంటిపెట్టుకొని ఉండే పలుచని మట్టి పొరకు 1904లో జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్ రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. తెలుగులో దీనిని వేరు మండలం అంటారు. వేర్లు స్రవించే చక్కెరలు, అమైనో ఆమ్లాలు, సేంద్రియ ఆమ్లాలను ఆహారంగా గ్రహిస్తూ ఇక్కడ బాక్టీరియా విస్తారంగా వృద్ధి చెందుతుంది. వీటిలో మొక్కల పెరుగుదలను ప్రోత్సహించే రకాలను 1978 నుండి పీజీపీఆర్ అని వ్యవహరిస్తున్నారు. అజోస్పైరిల్లం, సూడోమోనాస్, బాసిల్లస్ వంటివి నేడు జీవన ఎరువులుగా, జీవ నియంత్రణ కారకాలుగా రైతుకు అందుతున్నాయి.

అయితే ఒకే జాతి పేరుతో లభించే రెండు ఉత్పత్తులు పొలంలో ఒకే ఫలితాన్ని ఇవ్వకపోవచ్చును. మేలు చేసే అనేక గుణాలు జాతి మొత్తానికి కాక, అందులోని నిర్దిష్ట స్ట్రెయిన్‌కు మాత్రమే చెంది ఉండటం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఈ తేడాను స్పష్టంగా చూపగలిగే సాధనం పూర్తి జన్యుక్రమ విశ్లేషణ.

గుర్తింపులో కచ్చితత్వం

బాక్టీరియాను గుర్తించడానికి సాధారణంగా 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును పరిశీలిస్తారు. దీని పొడవు సుమారు 1,500 క్షార జతలు మాత్రమే. బాసిల్లస్ సబ్‌టిలిస్‌కు సన్నిహితమైన జాతుల మధ్య ఈ జన్యువు 99 శాతానికి పైగా ఒకే విధంగా ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో జాతిని నిర్ధారించడం కష్టం. స్ట్రెయిన్‌ను నిర్ధారించడం అసాధ్యం. పూర్తి జన్యుక్రమాలను పోల్చినప్పుడు సగటు సారూప్యత 95-96 శాతానికి మించితే అవి ఒకే జాతికి చెందినవిగా పరిగణిస్తారు.

చదివే విధానం

ముందుగా వేరు మండలపు మట్టి నుండి బాక్టీరియాను వేరుచేసి, శుద్ధ వర్ధనంగా పెంచి, దాని డీఎన్‌ఏను సంగ్రహిస్తారు. సీక్వెన్సింగ్ యంత్రాలు డీఎన్‌ఏను ముక్కలుగా చదువుతాయి. ఇల్యూమినా పద్ధతిలో ఒక్కొక్క ముక్క 150-300 క్షారాలు ఉంటుంది. నానోపోర్, ప్యాక్‌బయో పద్ధతులు వేల క్షారాల పొడవును ఒకేసారి చదవగలవు. ఈ ముక్కలను కంప్యూటర్ సాయంతో క్రమంలో కూర్చి, ఏ భాగం ఏ జన్యువో గుర్తిస్తారు. నత్రజని స్థిరీకరణకు నిఫ్ జన్యువులు, భాస్వరాన్ని కరిగించే గ్లూకోనిక్ ఆమ్లం తయారీకి తోడ్పడే జన్యువులు, మొక్కలో ఒత్తిడి వల్ల పెరిగే ఇథిలీన్‌ను తగ్గించే ఏసీసీ డీఅమినేజ్ జన్యువు, ఇనుమును గ్రహించే సిడరోఫోర్ల జన్యువులు ఈ దశలో బయటపడతాయి.

ఎఫ్‌జెడ్‌బీ42 ఉదాహరణ

బాసిల్లస్ ఎఫ్‌జెడ్‌బీ42 స్ట్రెయిన్ జన్యుక్రమాన్ని 2007లో ప్రచురించారు. ఇందులో సుమారు 39 లక్షల క్షార జతలు, 3,693 ప్రోటీన్ జన్యువులు ఉన్నట్లు అంచనా వేశారు. జన్యురాశిలో 8.5 శాతానికి పైగా భాగం రైబోసోముల ప్రమేయం లేని మార్గాలలో యాంటీబయాటిక్‌లు, సిడరోఫోర్ల తయారీకే కేటాయించబడి ఉంది. బాసిల్లస్ సబ్‌టిలిస్ 168లో కనిపించని నాలుగు భారీ జన్యు సమూహాలు ఇందులో ఉన్నాయి. దగ్గరి బంధువులైన రెండు బాక్టీరియాల మధ్య ఇంతటి తేడాను 16ఎస్ పరీక్ష చూపలేదు.

జన్యువు ఉన్నంత మాత్రాన దాని పని రుజువైనట్లు కాదు. అందుకే ఆయా జన్యువులను పనిచేయకుండా చేసి పరీక్షించారు. ట్రిప్టోఫాన్ తయారీ జన్యువులను దెబ్బతీసినప్పుడు ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం ఉత్పత్తితో పాటు మొక్కల పెరుగుదలను పెంచే శక్తి కూడా తగ్గింది. పండ్ల చెట్లలో ఫైర్ బ్లైట్ తెగులును కలిగించే బాక్టీరియాను అణచడంలో డిఫిసిడిన్, బాసిలైసిన్ కీలకమని కూడా ఈ విధంగానే తేలింది.

తొలుత బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్‌గా పిలిచిన ఈ స్ట్రెయిన్‌ను జన్యుక్రమాల పోలిక ఆధారంగా ఇప్పుడు బాసిల్లస్ వెలెజెన్సిస్‌లో చేర్చారు. జాతి పేరు మారినా స్ట్రెయిన్ గుర్తింపు మారలేదు.

భద్రత

బాసిల్లస్ సీరియస్‌లోని కొన్ని స్ట్రెయిన్‌లు ఆహారాన్ని విషతుల్యం చేస్తాయి. బర్కోల్డేరియా సెపేషియా వర్గంలో తెగుళ్లను అరికట్టేవి ఉన్నా, ఆ వర్గపు బాక్టీరియా సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల ఊపిరితిత్తులకు ప్రమాదకరం. రైతు చేతితో విత్తనానికి పట్టించే ఉత్పత్తిలో విష పదార్థాల జన్యువులు, ఇతర బాక్టీరియాకు బదిలీ కాగల యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు లేవని ముందుగానే నిర్ధారించుకోవడానికి జన్యుక్రమం తోడ్పడుతుంది.

జన్యుక్రమం చెప్పనిది

జన్యుక్రమం సామర్థ్యాన్ని తెలుపుతుంది కాని దిగుబడికి హామీ ఇవ్వదు. జన్యువు ఎప్పుడు, ఎంత మేరకు పనిచేస్తుందనేది నేల తేమ, ఉష్ణోగ్రత, ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, పైరు స్రవించే పదార్థాలు, స్థానిక సూక్ష్మజీవుల పోటీపై ఆధారపడుతుంది. పైగా చనిపోయిన కణంలోని డీఎన్‌ఏను కూడా చదవవచ్చును. ఎండలో ఉంచిన ప్యాకెట్‌లో బాక్టీరియా నశించినా దాని జన్యుక్రమం మారదు. కాబట్టి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిర్దేశించిన జీవకణాల సంఖ్య ప్రాధాన్యం తగ్గదు. రైజోబియం, అజోస్పైరిల్లం వంటి జీవన ఎరువులలో ఈ సంఖ్య వాహక పదార్థంతో కూడిన రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవరూపంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు ఉండాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు ఒక ఉత్పత్తిని సిఫారసు చేసే ముందు స్ట్రెయిన్ పేరు, జీవకణాల సంఖ్య, గడువు తేదీ, నిల్వ చేసిన విధానం, స్థానిక నేలల్లో జరిపిన ప్రయోగ ఫలితాలను పరిశీలించాలి. పరిశోధక విద్యార్థులు జన్యుక్రమంలో కనిపించిన ప్రతి గుణాన్ని ముందుగా ప్రయోగశాలలో, ఆ తరువాత కుండీలలో, చివరకు ఒకటి కంటే ఎక్కువ పంటకాలాల పాటు క్షేత్రంలో నిరూపించవలసి ఉంటుంది. వేల స్ట్రెయిన్‌ల నుండి పరీక్షకు తగిన కొన్నింటిని ఎంపిక చేయడం జన్యుక్రమం పని. వాటిలో రైతుకు ఉపయోగపడేది ఏదో తేల్చవలసింది పొలమే.